నాయన విప్పిన సుంగుడి ముడులు

మా చిన్నప్పుడు ఒక వారమంతా అమ్మా నేనూ వసారాలో కూర్చుని చీరకు ముడులు వేశాం...

పలమనేరులో మా మామ పెళ్లి. అమ్మకున్న ఒకే ఒక్క మంచి చీర చిలకపచ్చ సుంగుడి, ఒళ్లంతా ముడులేసి తీసిన తెల్ల చుక్కలు. అది కాస్తా వెలిసిపోయింది. ఇంట్లోనే మళ్లీ రంగు వేయాలి. ఊరికే ముంచితే చుక్కలు కూడా పచ్చబడిపోతాయి కదా... అందుకే ఒక్కో చుక్కనూ గోటితో పైకి లాగి దారం బిగించాలి. బడి నుంచి రాగానే నాకదే పని. చూపుడువేలు కోసుకుపోయింది.

పెళ్లికి ముందురోజు అమ్మ పెరట్లో అండాలో రంగు పొడి, ఉప్పు వేసి కాచింది. చీర తెమ్మంటే లోపలికి వెళ్లాను. నాయన చీర ఒళ్లో పెట్టుకుని దారాలు విప్పుతున్నాడు!

"ఎవురో చీరంతా దారాలు సుట్టి పెట్టినారు పాపా... పొద్దున్నించీ ఇప్పతా ఉండా. ఇంగ పైటే మిగిలుండాది" అన్నాడు, మెచ్చుకోమన్నట్టు.

వారం రోజులు మేం ఏం చేస్తున్నామో ఈ మనిషి కంటికి ఆనలేదా? ఒక్క మాట అడిగితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?

"అయ్యో, ఎంత పని చేస్తివయ్యా!" అంది అమ్మ. మళ్లీ కట్టే టైము లేదు, అలాగే ముంచేసింది. ఒళ్లంతా ఉత్త పచ్చ, పైటకు మాత్రం చుక్కలు.

పెళ్లిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. "యాడ తీసినావక్కా, కొత్త మోడలా?" అమ్మ నోరు తెరిచేలోపే నాయన, "నేనే సేయించినా" అన్నాడు! ముప్పై ఏళ్లుగా ప్రతి పెళ్లిలోనూ ఇదే కథ... మా వేళ్ల ఊసే ఉండదు.

మొన్న ఆ చీర మళ్లీ వెలిసింది. రంగు వేయిద్దామని తిరుపతిలో చీరల కొట్టుకు తీసుకెళ్తే, "పాత చీరకు రంగెవురేస్తారు మేడం, ప్రింటు సుంగుడి ఉండాది, తీసుకోండి" అన్నాడు కొట్టతను. ముడి వేయకుండా సుంగుడి ఎట్లా అవుతుంది! ఒళ్లు మండి ఇంటికొచ్చి నేనే దారపుండ ముందేసుకున్నాను.

నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. చీర మధ్యలో దారం కట్టడం మొదలుపెట్టాడు.

"ఆడ చుక్కల్లేవు కదా నాయనా" అన్నాను.

"నేను ఇప్పినవే కదమ్మా... కడతా ఉండా."

అమ్మ వంగి చూసింది. "వదులుగా ఉండాది" అని ఆ ముడిని తనే బిగించింది.

ఇప్పుడు చీర వెలిస్తే పారేస్తున్నాం... కూర్చుని కట్టే ఓపిక ఎవరికుంది? నాయన ఆ రోజు విప్పినవి వందలు, ఇప్పుడు కట్టినవి పది. అమ్మ కోపం పోయినట్టే ఉంది, నాకింకా పోలేదు. మీ కష్టం మీద పేరు కొట్టేసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉంటే చెప్పండి... కలిసి తిట్టుకుందాం.