కుక్క నోటికి ఉప్పునీళ్లు

డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవులంతా నేనొక కుక్కకు పళ్లు తోముతూ గడిపాను. చదువుకున్నవాణ్ణి కదా అని ఇంట్లో ఆ పని నాకే అప్పజెప్పారు.

చండ్రుగొండ అవతల, అడవి అంచున మా ఇల్లు. కుక్క నానమ్మది. పదేళ్లుగా ఆమె మంచం కిందే పడుకునేది. ఆ ఏడు దాని నోరు కుళ్లింది. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తీర్పు చెప్పేసింది.

"ఇగ అది ఇంట్ల పండదు, అత్తమ్మా. బయట కట్టేద్దాం."

"బయట కట్టేసుడెందుకు? తీస్కపోయి చిరుతపులి నోట్లనే పెట్టరాదూ?"

నానమ్మ ఏడుపులో సగం నటనే కానీ, మాట మాత్రం నిజం. ఆ నెలలోనే చిరుత మా వాడలో రెండు కుక్కలను ఎత్తుకుపోయి, గొలుసులు మాత్రం మిగిల్చింది.

"సరే, వానలు పడేదాకా చూస్త. వాసన పోకుంటే బయటికే," అంది అమ్మ.

పశువుల దవాఖానాలో డాక్టరు తను చూస్తున్న గేదెను వదలకుండానే కుక్క నోట్లోకి చూశాడు. "మన పేస్టు పెట్టకు, మింగుతది. వేలికి గుడ్డ చుట్టి ఉప్పునీళ్లతో రోజూ తుడువు."

"ఎన్ని రోజులు సార్?"

"అది బతికినన్ని రోజులు."

రోజూ పొద్దున్నే దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చునేవాణ్ణి. నానమ్మ మంచం మీంచి అజమాయిషీ చేసేది. "ఎనక పండ్లురా, ఎనక పండ్లు! నీయి సుత గిట్లనే తోముకుంటవా?"

ఎదురింటాయన వేపపుల్ల నములుతూ వచ్చి నిలబడేవాడు. "అల్లుడా, కోళ్లకెప్పుడు తోముతవ్?"

"వాటికి పండ్లు లేవు మామా. ఉంటే నానమ్మ ఊకుంటదా?"

కుక్క నన్ను రెండుసార్లు కరిచింది. మూడోసారి కరవడానికి దానికీ ఓపిక లేకపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా పని కానిచ్చేవాళ్లం. ఎంత కడిగినా నా వేళ్ల వాసన పోయేది కాదు. అన్నం చెంచాతో తినేవాణ్ణి.

మూడో వారం గుడ్డతోపాటు ఒక పచ్చటి దవడ పన్ను ఊడి వచ్చింది. ఆ తర్వాతే వాసన తగ్గింది. అన్నాళ్ల నా సేవకంటే ఆ పన్ను ఊడటమే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. ఎవరికీ చెప్పలేదు.

మొదటి వాన పడిన సాయంత్రం అమ్మ వంగి కుక్క నోరు వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"మంచం కిందికి మాత్రం వద్దు. లోపల్నే, గడప కాడ పండనీ."

నానమ్మ వాదించలేదు. "నా మంచం గడప కాడికి జరుపు బిడ్డా," అంది.

దిగుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. దిగలేదు. మంచం కోళ్లు పట్టుకుని, ఆమెతో సహా ఈడ్చాను.