గేటు దగ్గర విల్మా

విల్మా గెడ్డిస్‌ది మా పక్కిల్లు. నేను ఆ ఊళ్ళో కాపురం పెట్టిన కొత్తలో ఒక గిన్నె నిండా వేడి సూప్ తెచ్చి నా చేతిలో పెట్టి, "గిన్నె మాత్రం తిరిగివ్వాలి సుమా! అది మా అత్తగారిది. పోయిందంటే సమాధిలోంచి లేచొచ్చి నన్ను సాధిస్తుంది" అన్న మనిషి ఆమె. గట్టిగా మాట్లాడేది, అంతకన్నా గట్టిగా నవ్వేది. ఆమె నవ్వితే మా వంటింట్లోకి వినిపించేది.

ఆమె భర్త లాచీ పూర్తిగా వేరు. అవసరమైతేనే నోరు విప్పేవాడు. ఊరి చివర నది ఒడ్డున ఉన్న బాల్‌ఫారిక్ డిస్టిలరీలో విస్కీ కాచే రాగి బట్టీలు చూసుకునే పని. కుర్రతనంలో చేరి, జుట్టంతా నెరిసిపోయేదాకా అక్కడే ఉన్నాడు. సైకిలు మీద వెళ్ళి సైకిలు మీద వచ్చేవాడు. రాత్రి షిఫ్టయితే తెల్లవారాక ఇంటికొచ్చి, గుడ్లూ రొట్టే తిని పడుకునేవాడు.

వేసవి వస్తే విల్మా ఇంట్లో మేడ మీది గదులు అతిథులతో నిండిపోయేవి. ఎక్కడెక్కడి వాళ్ళో కార్లేసుకుని వచ్చేవారు. కొండలూ సరస్సులూ చూసుకుంటూ, దారిలో తగిలిన ప్రతి డిస్టిలరీ దగ్గరా ఆగుతూ, స్పే లోయ నుంచి పడమటి దీవుల దాకా వెళ్ళేవారు. పొద్దున్నే వాళ్ళకు ఓట్స్ జావ వండిపెట్టి, కారు కదిలే ముందు గేటు దాకా వచ్చి, "ఎడమ పక్క! మా దేశంలో ఎడమ పక్క!" అని అరవడం విల్మాకు అలవాటు. అతిథులు నవ్వుతూ చేతులూపేవారు.

ఆ జూన్‌లో హాలండ్ నుంచి ఒక జంట వచ్చింది. వౌటర్ స్కూల్లో లెక్కలు చెప్పి అప్పుడే రిటైరయ్యాడు. భార్య పేరు హన్నెకే. సొంత కారును ఓడ మీద ఎక్కించుకొచ్చారు. ఇలా తిరగాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నారట. ఆ సాయంత్రం నేను పాలు అడగడానికి వెళ్ళేసరికి నలుగురూ వంటింటి బల్ల చుట్టూ కూర్చునున్నారు. వౌటర్ ముందు చిన్న చిన్న సీసాలు వరసగా ఉన్నాయి. బండి నడిపేవాడు అక్కడ తాగకూడదు కదా, రుచి చూడమని ఇచ్చే అతని వంతును డిస్టిలరీ వాళ్ళు సీసాలో పోసి ఇస్తారు.

"ఒక్కటీ మూత తియ్యలేదా?" అన్నాడు లాచీ.

"ఇంటికెళ్ళాకే. బండి నడిపినన్నాళ్ళూ చుక్క ముట్టను. హన్నెకేకి మాటిచ్చాను."

"అయితే ఇంత దూరమొచ్చి మా విస్కీ వాసన చూసి పోతున్నారన్నమాట!"

"మావారి నోట్లోంచి ఇంత పొడుగు మాట రావడం పెళ్ళయ్యాక ఇదే మొదలు" అంది విల్మా. హన్నెకే పడీపడీ నవ్వింది.

మర్నాడు వాళ్ళు ఐలే దీవికి వెళ్ళే ఓడ అందుకోవాలి. చాలా దూరం. లాచీ వాళ్ళ మ్యాపు మీద వేలు పెట్టి దారి చూపించాడు. కొండల మధ్య ఎక్కడ రోడ్డు ఇరుకో, ఎక్కడ ఆగితే సరస్సు కనిపిస్తుందో చెప్పాడు. "పొద్దున్నే బయల్దేరండి. ఆ వేళకి రోడ్డు ఖాళీగా ఉంటుంది" అన్నాడు.

"మీరు ఐలేకి చాలాసార్లు వెళ్ళుంటారు" అంది హన్నెకే.

లాచీ తల అడ్డంగా ఊపాడు. "ఒక్కసారీ వెళ్ళలేదమ్మా. వేసవంతా ఈవిడకు అతిథులు. చలికాలమంతా నాకు బట్టీలు."

షిఫ్టుకు వేళవుతోందని లేచి సైకిలెక్కాడు. అందరికీ చెయ్యూపాడు. ఆ మనిషి నిలబడి ఉండగా నేను చూడడం అదే ఆఖరు.

మర్నాడు తెల్లవారిన కాసేపటికి వాళ్ళు బయల్దేరారు. విల్మా గేటు దాకా వస్తూ వస్తూ, లాచీ వచ్చే వేళయిందనీ, పెనం పొయ్యి మీద ఉందనీ గుర్తొచ్చి, సగం దారిలోంచే చెయ్యూపి లోపలికి వెళ్ళిపోయింది. కారు గేటు దాటింది. ముందూ వెనకా ఒక్క బండి లేదు. అలాంటి ఖాళీ రోడ్డు మీద వౌటర్ చేతులు వాటికి అలవాటైన కుడి పక్కకే తిరిగాయి. రాతిగోడ మలుపులో ఎదురుగా లాచీ వస్తున్నాడు.

ఆ చప్పుడుకు నేనూ పరిగెత్తాను. విల్మా నాకంటే ముందే, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తింది. వౌటర్ రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, తన కోటు తీసి లాచీ మీద కప్పుతున్నాడు. "ఖాళీగా ఉంది... రోడ్డు ఖాళీగా ఉంది..." అని తనలో తనే గొణుక్కుంటున్నాడు. విల్మా అతణ్ణి పక్కకు నెట్టి లాచీ తల ఒళ్ళోకి తీసుకుంది. లాచీ కళ్ళు తెరిచాడు.

"పొయ్యి ఆపావా?" అన్నాడు.

"ఆపానయ్యా. ఆపాను" అంది విల్మా.

ఆపలేదు. అంబులెన్సు వచ్చేలోపే ఆయన పోయాడు. నేను వాళ్ళింట్లోకి వెళ్ళేసరికి గది నిండా పొగ. పెనంలో గుడ్లు మాడి బొగ్గయిపోయాయి.

అంత్యక్రియలయ్యాక ఊరి వాళ్ళంతా పబ్‌లో చేరారు. లాచీతోపాటు బట్టీల దగ్గర పనిచేసిన డూగీ మెర్న్స్ అప్పటికే బాగా తాగున్నాడు. "మన సరుకు తాగి మన మనిషినే చంపేశాడు! అలాంటివాణ్ణి వదిలిపెడతారా?" అని బల్ల గుద్దాడు. అవునవునని నలుగురూ అందుకున్నారు. నేను తలొంచుకుని కూర్చున్నాను. విల్మా లేచి నిలబడింది.

"నోర్ముయ్, డూగీ!"

డూగీ చేతిలోని గ్లాసు కింద పెట్టాడు.

"అతను చుక్క ముట్టలేదు. సీసాలన్నీ మూతలతో నా బల్ల మీదే పెట్టాడు. లాచీ వాటిని చూసి నవ్వాడు కూడా. పొద్దున నా చేతి జావ తిని, నా చేతి టీ తాగి వెళ్ళాడు. నా మొగుడి పేరు చెప్పి అబద్ధాలాడితే నేనూరుకోను."

"మరి వాడి మీద నీకు కోపం లేదా?" అన్నాడు డూగీ. గొంతు తగ్గింది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"కోపమా? వాడి ముఖం చూస్తే నా కడుపు రగిలిపోతుంది. కానీ తాగలేదు."

ఎల్గిన్ పట్నంలో కోర్టు జరిగినప్పుడూ అదే మాట చెప్పింది. వౌటర్ నేరం ఒప్పుకున్నాడు. జైలు పడలేదు గానీ ఏళ్ళ తరబడి బండి నడపకూడదన్నారు. కోర్టు వరండాలో అతను గోడకు అంటుకుపోయి నిలబడి ఉన్నాడు. కోటు భుజాల మీద వేలాడుతోంది, అంత చిక్కిపోయాడు. విల్మాను చూసి ఏదో అనబోయాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుని, తల తిప్పకుండా నడిచి వెళ్ళిపోయింది. బస్సులో ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.

మరుసటి వేసవి ఆ ఇల్లు తాళం వేసినట్టే ఉంది. ఆ పైవేసవికి మళ్ళీ గదులిచ్చింది. ఎందుకని అడిగితే, "మేడ మీద ఎవరో ఒకళ్ళు నడుస్తుంటే నిద్ర పడుతుంది" అంది. నవ్వు మాత్రం పోయింది. పొద్దున్నే అతిథుల కంటే ముందు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళేది. రోడ్డుకు కుడి పక్కన, మలుపుకు వీపు పెట్టి, రెండు చేతులూ చాచి నిలబడేది. కారు ఎడమ పక్కకు తప్ప ఇంకెటూ పోవడానికి వీలుండేది కాదు. వానలోనూ అంతే, పొగమంచులోనూ అంతే. కొందరు పోలీసమ్మ అని నవ్వేవారు. కొందరు ఫోటోలు తీసుకునేవారు. కారు మలుపు తిరిగి, ఆ చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా ఆమె అక్కడే ఉండేది.

ఒక సెప్టెంబరు మధ్యాహ్నం మేమిద్దరం ఆమె వంటింట్లో ఆపిల్స్ తరుగుతుంటే తలుపు చప్పుడైంది. విల్మా వెళ్ళి తీసి, అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో హన్నెకే. చేతిలో చిన్న సంచీ. బస్సులో వచ్చింది, ఒంటరిగా.

"పొమ్మంటే వెళ్ళిపోతాను" అంది.

విల్మా పక్కకు జరిగి, "టీ తాగు" అంది. నేను లేవబోతే, "నువ్వు కూర్చో" అని కసిరింది.

హన్నెకే కప్పు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు. వౌటర్ కారు అమ్మేశాడట. వీధిలోకి రాడట. కిటికీ పరదాలు కూడా తియ్యనివ్వడట. "మీరు క్షమించానని ఒక్క మాట అంటే... నేను ఇంటికెళ్ళి ఆయనకు చెప్తాను. ఆ ఒక్క మాట కోసమే వచ్చాను."

విల్మా చేతిలోని కత్తి బల్ల మీద పెట్టింది. "తాగలేదని ఊరందరి ముందూ చెప్పాను. కోర్టులోనూ చెప్పాను. నా చేతనైంది అంతే. ఇంకా అడక్కమ్మా. లేనిది ఎక్కణ్ణించి తెచ్చివ్వను?"

హన్నెకే తలూపింది. ఎవరూ అడక్కుండానే అంది: "పక్క సీట్లో నేనే ఉన్నాను. మీవారు చూపించిన సరస్సు ఎక్కడా అని మ్యాపులో వెతుకుతున్నాను. తల ఎత్తి ఉంటే చెప్పేదాన్ని. ఎత్తలేదు."

విల్మా ఆమె వంక చూసింది.

"నేను గేటు దాకా రాలేదు" అంది. "ప్రతివాళ్ళకీ చెప్పేదాన్ని. మీకు చెప్పలేదు. గుడ్లు చల్లారిపోతే తినడని లోపలికెళ్ళాను."

ఇన్నాళ్ళలో ఆ మాట ఆమె నాతో కూడా అనలేదు. ఇద్దరూ బల్లకు చెరో పక్కన కూర్చుని ఏడ్చారు. ఒకరినొకరు తాకలేదు. ఆపిల్ ముక్కలు నల్లబడిపోయాయి. వాటిని తీసి పారేసే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

ఆ రాత్రికి హన్నెకేకి మేడ మీది గది ఇచ్చింది. మర్నాడు తనే బస్సు దాకా తోడు వెళ్ళింది. మలుపు దగ్గర హన్నెకే ఆగి, "ఇక్కడేనా?" అంది. విల్మా గోడ పక్క చోటు చూపించింది. బస్సు వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారట.

ఆ చలికాలం మధ్యలో హన్నెకే ఫోన్ చేసింది. వౌటర్ నిద్రలోనే పోయాడని చెప్పింది. విల్మా ఫోన్ పెట్టేసి, కోటు కూడా వేసుకోకుండా మంచులో మా ఇంటికొచ్చింది. చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది.

"వచ్చే వేసవికి ఫోన్ చేద్దామనుకున్నానే" అంది చివరికి. "ఆ మాట నోటికి వచ్చేట్టే ఉంది. రోజూ పొద్దున రోడ్డు మీద నిలబడి అనుకుంటూనే ఉన్నాను. ఇంకొన్నాళ్ళు ఆగుతాడనుకున్నా. పాపం, పరదాలేసుకుని ఆ చీకట్లోనే పోయాడు."

లాచీ శవపేటిక దగ్గర కూడా ఆమె అంతలా ఏడవలేదు. నేను ఆమె తల నిమురుతూ కూర్చున్నాను.

ఆ వసంతంలో ఇల్లు అమ్మేసింది. ఎల్గిన్‌లో చెల్లెలు మేగన్ ఇంటి దగ్గరే చిన్న ఫ్లాటు తీసుకుంది. అప్పుడప్పుడూ వెళ్ళి చూసొస్తుంటాను. స్వెట్టర్లు అల్లుతుంది. టీవీ చూస్తుంది. చెల్లెలితో చిన్న చిన్న పోట్లాటలు పెట్టుకుంటుంది. ఊరి సంగతులు అడగదు. మొన్న వెళ్ళినప్పుడు మాత్రం ఉన్నట్టుండి, "లాచీ షిఫ్టులో ఇప్పుడెవరుంటున్నారు?" అంది.

"ఎవరూ లేరు. డూగీ కూడా మానేశాడు. అంతా కంప్యూటరే చూసుకుంటోందట" అన్నాను.

"రాత్రంతా బట్టీల దగ్గర మనిషే లేడా?"

"లేడు."

ఆమె ఊలు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూసింది. "పోన్లే" అంది నెమ్మదిగా. "పొద్దున్నే ఎవరూ ఇంటికి రానక్కర్లేదు."

మేగన్ టీ తెచ్చింది. చక్కెర ఎక్కువైందని విల్మా ఆమెను తిట్టింది.