అది మా ఆచారం అన్నాను

కలకత్తా దగ్గర సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో మా ఎదురింటాయనది మా అమ్మ పుట్టిన ఊరే. ఆ వరసన నాకు మావ. నన్ను చూస్తే చాలు, "నా పెళ్ళాం వచ్చిందర్రా!" అని కేకేసేవాడు. మా శ్రీకాకుళం వైపు మేనమామలు మేనకోడళ్ళను అలాగే ఆటపట్టిస్తారు. అందరూ నవ్వేవాళ్ళు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

తలుపేసి ఆయన చేసినవి మాత్రం నవ్వులాటలు కావు. ఆ ఇంటికి వెళ్ళనని ఒకరోజు ఏడ్చాను. అమ్మ బియ్యం ఏరుతూ, "మావ సరసమాడితే ఏడుస్తారేటే?" అని నవ్వేసింది.

అనుమానపడింది ఒక్కరే, కింది వాటాలోని బెంగాలీ పిన్నిగారు, మేం కాకీమా అనేవాళ్ళం. వాళ్ళలో మేనమామంటే తండ్రితో సమానం. పెళ్ళామనే మాట వినగానే "ఛీ ఛీ" అనేది. "మన వరసలు ఆళ్ళకేటి తెలుస్తాయి?" అని మావాళ్ళు ఎగతాళి చేసేవారు. ఒకనాడు కొళాయి దగ్గర ఆమె నన్ను పక్కకు పిలిచి, ఆ మామ నిన్నేమైనా చేస్తున్నాడా అని బెంగాలీలో మెల్లగా అడిగింది. "అది మా ఆచారం" అన్నాను, పెద్ద ఆరిందాలా. మావాళ్ళ పరువు పోతుందని భయపడ్డాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది.

తర్వాత ఆయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. నా భయం ఎక్కడికీ పోలేదు. లోకల్ రైల్లో ఎవరైనా నా వెనక నిలబడితే వచ్చే స్టేషన్లో దిగిపోయేదాన్ని. పెళ్ళయ్యాక మా ఆయన చెయ్యి వేస్తే కొయ్యబారిపోయేదాన్ని. పాపం, ఆయన తనలోనే ఏదో లోపముందనుకున్నాడు.

మా పాపకు ఆరేళ్ళప్పుడు నా తమ్ముడు మా ఇంటికొచ్చాడు. చీమకైనా అపకారం చేయని మనిషి. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఏటే నా పెళ్ళామా, నాకు మరమరాలు పెట్టవేటి?" అన్నాడు. నేను వంటింట్లోంచి పరుగున వచ్చి పాపను లాగి చెంప మీద కొట్టాను. తమ్ముణ్ణి కాదు, పాపను. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో చేయలేదు.

తమ్ముడి మొహం పాలిపోయింది. "నన్నేటనుకున్నావక్కా?" అని చెప్పులు వేసుకోబోయాడు.

పాప చెంప పట్టుకుని, "నేనేటి చేసానమ్మా?" అంది.

"నువ్వేటీ చెయ్యలేదమ్మా. మావా ఏటీ చెయ్యలేదు."

తమ్ముడు గుమ్మంలో ఆగిపోయాడు.

"మరెవరు చేసారక్కా?"

కాకీమా తర్వాత పాతికేళ్ళలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. నేల చూస్తూనే చెప్పాను.