పదకొండు మంది కోసం వల లాగిన ఉదయం

నెల్లూరులో పుట్టి పెరిగిన నాకు ఆట అంటే క్రికెట్టే. అలాంటిది విడవలూరు వైపు ఒక చిన్న డిగ్రీ కాలేజీ పిల్లలు హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతితో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నారని మా ఆఫీసులో సుజాత చెబితే పకపకా నవ్వాను. "నవ్వకక్కా, మా తమ్ముడు ప్రభుదాసే కెప్టెన్. శనివారం ఆఖరి మ్యాచ్, వచ్చి చూడు" అంది. జట్టులో ఉన్నదే పదకొండు మంది, ఆటకు కావలసిందీ పదకొండు మందే. మనుషులు చాలక ఈ సీజన్‌లో రెండు మ్యాచ్‌లు ఆడకుండానే పోయాయట. మూడోసారీ అలాగే అయితే జట్టు ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ గారు తేల్చి చెప్పారు.

ఐదున్నరకు నెల్లూరులో పల్లెవెలుగు ఎక్కి, కోవూరు మీదుగా ఆరున్నర దాటాక విడవలూరులో దిగాను. ఆడవాళ్లకు ఉచితం, మగవాళ్లకైతే టికెట్టు యాభై లోపే. ముక్కులోంచి పొగలొచ్చే కారం దోశ ఒకటి తిని షేర్ ఆటో ఎక్కాను. "మ్యాచ్‌కా మేడం? ముందు సముద్రం కాడికి పోదాం. ఆటగాళ్లు ముగ్గురు ఆడ వల లాగతా ఉండారు" అన్నాడు డ్రైవరు.

ఒడ్డున ప్రభుదాసు తల పట్టుకుని కూర్చున్నాడు. "తెల్లారుజామున చేపల గుంపు కనపడిందంటక్కా, వల వేసేసినారు. మావోళ్లు ముగ్గురు తాడు పట్టినారు. వల చివరుండే చేపల సంచి ఒడ్డెక్కిందాకా తాడు వదలకూడదు, ఈడ కట్టుబాటు అది. సంచి వచ్చేసరికి పదకొండవుద్ది. మ్యాచేమో పదికి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. వల పెద్ద పోలయ్య గారి దగ్గరికి వెళ్లి, "ముగ్గుర్ని వదిలితే మీకేం మునిగిపోతుంది?" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "వల ఒక పక్కకి వాలిపోద్దమ్మా, చేపంతా ఎల్లిపోద్ది. ఇరవై ఇళ్ల కూడు. ఎట్టా వదిలేది?" అన్నాడు.

"చేతులు పెరిగితే సంచి తొందరగా వస్తాదక్కా" అంటూ ప్రభుదాసు ఫోన్ తీశాడు. అరగంటలో కాలేజీ పీడీ సారు మిగతా ఏడుగురినీ వ్యానులో వేసుకొచ్చారు. అందరూ జెర్సీలతోనే తాళ్లు పట్టుకున్నారు. నేనూ చెప్పులు వదిలి ఒక చెయ్యి వేశాను. పది నిమిషాలకే అరచేతులు భగ్గుమన్నాయి. "చేతులతో కాదమ్మా, నడుంతో లాగు!" అని పోలయ్య గారి అరుపు. పక్కనే పీడీ సారు రొప్పుతూ నవ్వారు. "ఈ నడుం బలం చూసే ఆ ముగ్గుర్నీ ముందు వరసలో పెట్టినా మేడం. మొదట్లో ముందుకు తొయ్యండ్రా అంటే అలవాటు కొద్దీ వెనక్కి నడిచేవోళ్లు!" తొమ్మిదింపావుకు సంచి ఒడ్డెక్కింది.

పదికి ఐదు నిమిషాలుండగా మైదానం చేరాం. రెఫరీ వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. పదకొండు. హమ్మయ్య! అవతలి జట్టులో పాతికమందికి తక్కువ లేరు, అలసిన వాళ్లను మార్చుకుంటున్నారు. మనవాళ్లకు మార్చడానికి మనిషి లేడు. బట్టలు ఆరని ఆ ముగ్గురూ ముందు వరసలో నిలబడితే ఎదుటివాళ్లు వచ్చి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయారు. అబ్బ, ఏం పిల్లలండీ! బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. చాలాసేపు ఆరూ ఆరూ సమానంగా సాగింది. ఆఖర్న కాళ్లు మొరాయించాయి. పన్నెండు ఆరుతో ఓడిపోయారు.

ఆట కోసం ఎవరి కూడూ చెడగొట్టకుండా, ఇంత కష్టపడి ఒక ఆట ఆడే పిల్లలను నేను ఇంతకు ముందు చూడలేదు. ఉదయం నేను దురుసుగా మాట్లాడినందుకు సిగ్గుపడ్డాను. మీరూ చూడాలనుకుంటే టోపీ, నీళ్లు తప్పకుండా తీసుకెళ్లండి, ఆ మైదానం చుట్టూ చారెడు నీడ లేదు.

బయల్దేరే ముందు ప్రిన్సిపాల్ గారు వచ్చి, వచ్చే ఏడాదీ జట్టు ఉంటుందని చెప్పారు. అందరూ కేకలు పెడుతుంటే ప్రభుదాసు మాత్రం మోచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఏడవకబ్బయ్యా, ఓడితే ఏమైంది?" అన్నాను.

"అందుకు కాదక్కా. రెండుసార్లు ఆడకుండా ఓడిపోయినాం. ఇయ్యాల ఆడి ఓడిపోయినాం."