విప్పని మెష్ ప్యాకెట్

సంగారెడ్డిలో ఆ ఆసుపత్రికి ఉదయం ఆరున్నరకు రిపోర్ట్ చేశాం. రోహిణి ఎండలు. ఆ వేళకే బెంచీలు వేడెక్కాయి. మా మకాం రెండో అంతస్తు వరండా. చివర ఆపరేషన్ థియేటర్ తలుపు, పైన ఎర్ర బల్బు. సామాను: ఒక దుప్పటి, రెండు లుంగీలు, చాయ్ ఫ్లాస్కు. నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో పనిచేసి వచ్చినవాణ్ని. ఇప్పుడు ముత్తంగి దగ్గర గోదాములో సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. ఎక్కడికెళ్లినా ముందు దారులూ తలుపులూ చూసుకునే అలవాటు ఇంకా పోలేదు.

పేషెంటు మా బావ, అక్క భర్త. కొండాపూర్ మండలంలో పొలం పెట్టుకుని, సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో లోడింగ్ పనికి వెళ్లేవాడు. పెట్టెలు మోసీ మోసీ గజ్జల్లో హెర్నియా దిగింది. చిన్న ఆపరేషనే, మూడో రోజు ఇంటికి పంపిస్తానన్నాడు సర్జన్. మేమంతా నమ్మాం.

మొదటి ఆర్డర్ నర్సుది. కింద మందుల షాపులో సామాన్లు కొని తెచ్చి అప్పగించాలి. దారాలు, గ్లౌజులు, ఒక మెష్. మెష్ అంటే తెల్లటి వలగుడ్డ. పేగు జారిన చోట లోపల పరిచి కుడతారు. ఆ ప్యాకెట్ చూడగానే బావ ముఖం వెలిగిపోయింది.

"అరే, గిది మా కంపెనీదే! గీ పెట్టెలు నేనే లారీకెక్కిస్త. మోసినోని కడుపులకే వస్తున్నది, సూడు బామ్మర్దీ!"

"అయితే గట్టిగుంటది తియ్యి బావా."

"జిందగీ గ్యారంటీ! నీ మిలట్రీ బూట్ల లెక్క గాదు."

అక్క పకపకా నవ్వింది.

తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్లారు. గంట పని అన్నారు. గంట దాటింది. అక్క కొంగు చివర ముడివేసి విప్పుతూ కూర్చుంది.

తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. ఒక చేతిలో చిన్న డబ్బా, అందులో నీళ్లలాంటి మందులో తేలే తెల్లటి ముక్కలు. ఇంకో చేతిలో మెష్ ప్యాకెట్. సీలు కూడా తీయలేదు.

"ఇది వాడలే అన్నా, షాపుల వాపస్ ఇయ్యి. ఈ డబ్బా పటాన్‌చెరు ల్యాబుల ఇచ్చి రావాలె. సార్ పిలుస్తుండు."

ఆ సీలు చూడగానే తెలిసిపోయింది. అనుకున్న పని లోపల జరగలేదు.

సర్జన్ మాస్కు కిందికి దించాడు. హెర్నియా సంచి తెరవగానే నీరు, గింజల్లాంటి గడ్డలు కనిపించాయట. పొట్ట లోపలి పొర మీద కూడా చేతికి తగిలాయట.

"క్యాన్సర్ అనుకుంటున్నాను. బాగా పాకింది. మెష్ వేయలేదు, ముక్క తీసి కుట్లేసి మూసేశాను."

"ఇప్పుడు నేనేం చెయ్యాలె సార్?"

"ముందు ఆ డబ్బా చేర్చండి."

అంతే ఆర్డర్. సరిహద్దు మంచు పోస్టులో వైరు తెగితే అతికేవాణ్ని, బ్యాటరీ పోతే మార్చేవాణ్ని. ఇక్కడ చేతికి పని లేదు. డబ్బాను చొక్కా జేబులో నిలబెట్టి బైకెక్కాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా, ఒలికితే బావకేమైనా అవుతుందన్నట్టు, చేత్తో అదిమి పట్టుకున్నాను. కంది ఊరు దాటాక లారీల మధ్య హెల్మెట్‌లో ఏడ్చాను. పటాన్‌చెరులో ఫ్యాక్టరీల రసాయనాల ఘాటు కళ్లలోకి కొట్టింది. ల్యాబు కుర్రాడు డబ్బా తీసుకుని, కళ్లు మండుతున్నాయా సార్ అన్నాడు. అవునన్నాను.

తిరిగొచ్చి అక్కకు చెప్పాను. గోడకు ఆనుకుంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆయనకు జెప్పకురా. జెప్తే గుండె పలిగి ఇయ్యాల్నే పోతడు. మెష్ ఏసినరనే అను. నా మీద ఒట్టు."

సాయంత్రం బావ పెదవులు తడుపుకుంటూ అడిగాడు.

"ఏసిండ్రా?"

"ఏసిండ్రు బావా."

"మాదేనా?"

"మీదే."

"కవర్ దాచు. ఫ్యాక్టరీల మా పోరగాండ్లకు సూపిస్త."

వాపస్ ఇవ్వాల్సిన ప్యాకెట్ ఇంకా నా సంచిలోనే ఉంది. వరండా చివరికి వెళ్లి సీలు చింపాను. మెష్ నా జేబులో పెట్టుకుని ఖాళీ కవర్ బావ చేతికిచ్చాను. అక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

మూడో రోజు ఊరికి తీసుకొచ్చాం. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ బావ ఆ కవర్ చూపించాడు. ల్యాబు మాట సర్జన్ మాటే అయింది. నగరంలో స్కాన్లు తీయించాం, మందులు ఎక్కించాం. బావకు మాత్రం కుట్టు మానడానికని చెప్పాం. ఎవరి మందూ పనిచేయలేదు. నాకు కోపం వచ్చేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

బావ దసరా దాకా ఉండలేదు. చివరి వారం కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట ఉబ్బింది. నేను పక్కన కూర్చుంటే కుడి గజ్జ మీద అరచెయ్యి ఆనించి నవ్వాడు.

"అంత కరాబైంది గని బామ్మర్దీ, గీడ మాత్రం గట్టిగున్నది. మాది గద."

"అవ్ బావా" అన్నాను.

దహనం అయ్యాక ముత్తంగి వచ్చి డ్యూటీలో చేరాను. మెష్ నా ట్రంకు పెట్టెలో యూనిఫాం కింద ఉంది. సరిహద్దులో చూసినవి చాలావరకు మసకబారాయి. ఆ అరచెయ్యి మాత్రం ఇప్పటికీ అక్కడే, ఏమీ లేని చోట, నమ్మకంగా ఆనించి ఉంది.