పెద్దాయన మాట

శంషాబాద్‌లో మా మేడ మీది గదిలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకతను కిరాయికి ఉండేవాడు. ఫార్మసీ చదవడానికి వచ్చి, మూడేళ్లలో మా మాట నేర్చుకున్నాడు. ఆఖరి ఏడాదిలో వాళ్ల దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే ఉన్నారు.

వాళ్ల అధ్యక్షుణ్ణి అతను ‘పెద్దాయన’ అనేవాడు. ఆయన ప్రసంగం ఫోన్‌లో వస్తే లేచి నిలబడి వినేవాడు. తర్వాత కిందికొచ్చి నాకు చెప్పేవాడు.

“విమానాలన్నీ బంద్ పెట్టిండు అక్కా. తిరుగుబాటోళ్లకు తుపాకులు రావద్దని.”

“మరి నువ్వెట్ల పోతవ్?”

“పెద్దాయన ఊకెనే చెయ్యడు.”

మా ఇంటి మీదుగా మాత్రం విమానాలు పోతూనే ఉండేవి. నెల తర్వాత పెద్దాయన సంధి మాటలు వద్దన్నాడు. అప్పుడూ అతను అదే మాటన్నాడు, కాస్త మెల్లగా.

మూడో ప్రసంగం రోజు అతను కిందికి రాలేదు. నేనే టీ తీసుకుని పైకి వెళ్లాను. గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు.

“మా ఊర్ల తిరుగుబాటోళ్లు జొచ్చిండ్రట. ఊరి మీద బాంబులు వెయ్యమన్నడు,” అన్నాడు. “ఆయనకు ఓటేసిన ఊరు అక్కా.”

ఆ తర్వాత భార్య ఫోన్ ఒక్కసారి కూడా కలవలేదు. చివరికి అక్కణ్ణుంచి పారిపోయి వచ్చిన బంధువొకాయన ఫోన్ చేసి, ముగ్గురినీ పూడ్చిన చోటు చెప్పాడు.

గది ఖాళీ చేసిన రోజు అతను రెండు కొత్త గౌన్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. “నీ బిడ్డకు తొడుగు అక్కా,” అన్నాడు.

ఒక గౌను నా బిడ్డకు సరిపోయింది. రెండోది మరీ చిన్నది.