నా కాల్లో కడ్డీ, మా అల్లుడి లెక్క

మా అల్లుడు ఏ వస్తువును చూసినా ముందు అనే మాట ఒక్కటే. "ఇది విరుగుతుంది."

అదే అతని ఉద్యోగం మరి. లారీ ఇరుసుల్ని కంప్యూటర్లో పెట్టి, గుంతల రోడ్డు మీద పరిగెత్తించి, ఎక్కడ పుటుక్కుమంటాయో చెప్పాలి. లారీ ఉండదు, రోడ్డు ఉండదు, డ్రైవరు అసలే ఉండడు. కూర్చున్నచోటే విరగ్గొట్టి జీతం తెచ్చుకుంటాడు. పిల్లలు ఇంట్లో నిజంగా ఏదైనా విరగ్గొడితే మాత్రం వీపు విమానం మోత.

"ఇనుము కూడా అలిసిపోతుంది అత్తయ్యా. బరువు ఎక్కి దిగి, ఎక్కి దిగి, వెంట్రుకవాసి పగులు పుడుతుంది. పైకి కనపడదు. ఒకరోజు హఠాత్తుగా..."

"ఇన్నేళ్లూ ఈ ఇల్లు మోశాను. నా అలసట ఎవరికీ పట్టలేదు గానీ, ఇనుము అలసటకు జీతాలిస్తున్నారా?"

"మీరు విరగలేదుగా" అన్నాడు.

చుట్టాలొస్తే కూర్చోమనడు. ముందు కుర్చీ తిరగేసి కాళ్లు చూస్తాడు, తర్వాత చుట్టం ఒళ్లు చూస్తాడు. "మీరు ఆ అరుగు మీద కూర్చోండి పిన్నిగారూ" అన్న రోజు నుంచి మా ఆడపడుచు మా గడప తొక్కలేదు. ఆ మేలు మాత్రం మరచిపోను.

నిరుడు బాత్రూంలో జారిపడి నా తుంటి విరిగింది. అది మాత్రం ఈ జ్యోతిష్కుడు ముందే చెప్పలేకపోయాడు. డాక్టరు తొడ ఎముకలో కడ్డీ వేసి నడవమన్నాడు. నేను మంచం దిగితే ఒట్టు. ఎక్కి దిగి, వెంట్రుకవాసి, హఠాత్తుగా... అవే చెవుల్లో మోగుతున్నాయి. ఇలాగే పడుకుంటే ఇక ఎప్పటికీ లేవలేరని డాక్టరు బెదిరించాడు. అయినా కదల్లేదు.

"అంతా మీ నోటి చలవే. మా అమ్మను మంచానికి కట్టేశారు" అని నా కూతురు మొగుణ్ణి దులిపేసింది.

తర్వాత కొన్నాళ్లు అల్లుడు దేన్నీ తిరగేసి చూడలేదు. కుర్చీలు బతికిపోయాయి. ఒక సాయంత్రం కంప్యూటర్ తెచ్చి నా మంచం మీద పెట్టాడు. తెర మీద ఒక కడ్డీ.

"ఏ లారీదయ్యా ఇది?"

"మీదే అత్తయ్యా. కొలతలు డాక్టరుగారిని అడిగి తెచ్చాను. మెట్లెక్కించాను, నీళ్ల బకెట్ మోయించాను, కోపంగా తలుపు తన్నించాను."

"తలుపెందుకు?"

"తన్నడానికి తలుపు చోట మొదట నన్నే పెట్టానండీ. నేను మరీ మెత్త. గట్టిదైతేనే కడ్డీకి పరీక్ష."

నా బరువెంత వేశాడో అడిగాను. చెప్పాడు.

"నేనంత లావా?"

"మీ కోపానికి కొంచెం అదనంగా వేశాను."

"ఇంతకీ విరుగుతుందా?"

అబద్ధమాడటం చేతకాని మనిషి. తల గోక్కున్నాడు. "విరుగుతుంది. మీకు నూట నలభై ఏళ్లొచ్చాక."

మంచం దిగాను. దీనికోసం లారీ ఇరుసులు పక్కన పెట్టి ఆఫీసులో చీవాట్లు తిన్నాడని తర్వాత కూతురు చెప్పింది. అతను చెప్పలేదు.

ఇప్పుడు ఇల్లంతా తిరుగుతున్నాను. మొన్న వంటింట్లోకి వెళ్తుంటే వెనకే వచ్చాడు.

"కాలికి ఢోకా లేదు అత్తయ్యా. ఆ చేతికర్రే, విరుగుతుంది."

"ఎక్కడ విరుగుతుందో నీ వీపు మీద చూద్దాం, ఇలా రా" అన్నాను.

నిజంగానే వచ్చి వంగి నిలబడ్డాడు. కర్ర ఎత్తాను గానీ మళ్లీ దించేశాను. ఊరికే అలిసిపోతుందని, కర్ర.